సెస్నాలో గ్రాండ్ కాన్యన్‌కు: అమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలి?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవారికి పనికొస్తుంది. డాలస్‌కు ఉత్తరాన డెంటన్‌లో ఉంటున్నారు. ప్రైవేటు పైలట్ లైసెన్సు వచ్చి ఏడాదిన్నర, 140 గంటలు నడిపారు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మబ్బుల్లో మీటర్లు చూసి నడిపే అనుమతి) ఇంకా లేదు. మార్చిలో పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్ సెలవులు. విమానాల క్లబ్బువారి చిన్న విమానం సెస్నా 182 తీసుకుని మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, విజయవాడ నుంచి వచ్చిన మీ అమ్మగారు గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లాలనుకుంటున్నారు. శనివారం బయలుదేరి బుధవారానికి ఇంటికి రావాలి. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా, దారిలో ఎక్కడెక్కడ ఆగాలి, కాన్యన్ మీద ఒక చుట్టు తిరిగి రావచ్చా అని అడిగారు.

నేను పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, వారాంతాల్లో విమానం నడపడం నేర్పుతాను. ఇదే ఊరి చుట్టుపక్కల నుంచి ఇదే దారిలో నాలుగుసార్లు బయలుదేరి మూడుసార్లు చేరాను. చేరని ఆ ఒక్కసారి నుంచే ఎక్కువ నేర్చుకున్నాను కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను.

మొదటి ప్రశ్నకు జవాబు: కుదరదు. రెండో పుట్టినరోజు రాని పిల్లలను మాత్రమే పెద్దవాళ్లు ఒళ్లో పెట్టుకోవచ్చు. ఆరేళ్ల బాబుకు సొంత సీటు, సొంత బెల్టు ఉండాలి. 182లో ఉన్నవి నాలుగు సీట్లు, మీరు అయిదుగురు. ఆరు సీట్ల విమానం అద్దెకు తీసుకుందామంటే మీ గంటలకు ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోవడం కష్టం. ఒప్పుకున్నా, కొత్త విమానం, కొత్త పర్వతాలు, ఇంటిల్లిపాదీ బరువు అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దని చెబుతాను.

అమ్మగారి విషయంలో సీటు కన్నా పెద్ద సంగతి ఎత్తు. న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ దాటి పడమరగా వెళ్లేటప్పుడు మీరు 10,500 అడుగుల్లో ఉండాల్సి వస్తుంది. ఎయిర్‌లైన్ విమానం 36,000 అడుగుల్లో ఎగిరినా, లోపల గాలి 8,000 అడుగులకు మించని ఎత్తులో ఉన్నట్టే ఉంచుతారు. మన సెస్నాలో ఆ ఏర్పాటు లేదు, బయట ఎంత పలచన గాలి ఉంటే లోపలా అంతే. 12,500 అడుగులు దాటి అరగంట గడిస్తేనే పైలట్‌కు ఆక్సిజన్ తప్పనిసరి అంటుంది నిబంధన. కానీ అది పైలట్ కోసం రాసినది, బీపీ మాత్రలు వేసుకునే అరవై ఏళ్లు దాటిన మనిషి కోసం కాదు. మా అత్తగారిని ఒకసారి 9,500 అడుగుల్లో గంటన్నర తీసుకెళ్లాను. నోరు తెరిచి ఏమీ అనలేదు గాని, దిగాక ఆ రోజంతా తల పట్టుకునే కూర్చున్నారు. ఆ తర్వాత వేలికి పెట్టుకునే ఆక్సిమీటరు కొన్నాను.

అందుకని నా సలహా ఇది. మీ ఆవిడ, అమ్మగారు, బాబు డాలస్ నుంచి ఎయిర్‌లైన్‌లో ఫీనిక్స్‌కు వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని కాన్యన్ దక్షిణపు అంచుకు రావాలి. సుమారు 230 మైళ్లు, నాలుగు గంటల దారి. మీరు, పాప 182లో రండి. కుటుంబ విమానయాత్ర అనుకుంటే సగం కుటుంబం ఎయిర్‌లైన్‌లోనా అని మీ ఆవిడ అడుగుతారు, తెలుసు. అయితే కాన్యన్ విమానాశ్రయంలో దిగాక మీకు ఎలాగూ కారు కావాలి, ఆ కారు వాళ్లతోపాటు వచ్చేస్తుంది. గాలి బాగాలేక మీరు ఒక రోజు ఆలస్యమైనా అమ్మగారు హోటల్ గదిలో హాయిగా ఉంటారు. ఇంటి వాళ్లందరూ వెనక సీట్లో కూర్చుని 'ఇంకెంతసేపు' అని అడగకపోతే మీ నిర్ణయాలు ఎంత బాగుంటాయో మీరే చూస్తారు. అమ్మగారికి మీ విమానం చూపించాలన్న ముచ్చట మాత్రం వదులుకోవద్దు. ఒక ఆదివారం పొద్దున్నే రే రాబర్ట్స్ చెరువు మీద 2,500 అడుగుల్లో నలభై నిమిషాలు తిప్పండి. ఊళ్లో అందరికీ ఫోను చేసి చెప్పడానికి అది చాలు.

ఇది నచ్చకపోతే ఇంకో దారి ఉంది: అమ్మగారు ఇండియా వెళ్లాక అక్టోబరులో మీరు నలుగురూ 182లో వెళ్లండి. గాలి సంగతి చూస్తే మార్చి కన్నా అక్టోబరే నయం.

నలుగురితో లెక్క ఎలా ఉంటుందో కూడా చూద్దాం. మీరిచ్చిన బరువులు 182, 141, 63, 46 కలిపితే 432 పౌండ్లు. మీ క్లబ్బు 182 మోయగలిగింది 1,110 అన్నారు. సామాను 90 పౌండ్లు, ట్యాంకు నిండా వాడదగిన పెట్రోలు 87 గ్యాలన్లు, గ్యాలన్‌కు 6 పౌండ్ల చొప్పున 522. మొత్తం 1,044. ఇంకా 66 పౌండ్లు మిగులుతాయి, బాగానే ఉంది. అయితే ఈ లెక్కలో అబద్ధం దూరేది మనుషుల దగ్గరే. మా అత్తగారిని బరువెంత అని అడగడానికి నాకు వారం పట్టింది. చివరికి మావారు బాత్రూము తూకం హాల్లోకి తెచ్చి ముందు తాను ఎక్కి, తర్వాత పిల్లలను ఎక్కించి, ఆట లాగా చేస్తే ఆవిడా ఎక్కారు. తీరా బయలుదేరే రోజు ఆవిడ చేతిసంచి అనుమానంగా వేలాడుతోంది. తూకం మీద పెడితే 19 పౌండ్లు! చలిమిడి, జంతికలు, రెండు సీసాల ఆవకాయ. సంచులను కూడా తూచండి, ఇంట్లో కాదు, విమానం పక్కన.

ఆవకాయ మాట వచ్చింది కాబట్టి ఇప్పుడే చెబుతాను. 10,000 అడుగుల్లో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదానిలో మూడింట రెండు వంతులు. చిప్స్ పొట్లాలు బుడగల్లా ఉబ్బుతాయి, పిల్లలు నవ్వుకుంటారు. ఆవకాయ సీసాలో చిక్కుకున్న గాలి నూనెను మూత అంచుల గుండా బయటకు తోస్తుంది, అప్పుడు ఎవరూ నవ్వరు. ఆ వెనక సీటు తివాచీకి ఇప్పటికీ మెంతిపిండి వాసన వస్తుంది. ఊరగాయలు కారులో పంపండి. విమానంలోకి పులిహోర, దద్ధ్యోజనం స్టీలు డబ్బాలో చాలు.

ఇక అసలు విషయం, గాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో న్యూ మెక్సికో, అరిజోనా మీద గాలి ఏడాదిలోకెల్లా గట్టిగా వీస్తుంది. ఆకాశంలో ఎత్తున పడమటి నుంచి వచ్చే వేగపు గాలులు ఇంకా దక్షిణానికి దగ్గరగానే ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ ఎడారి నేల వేడెక్కి, పైకి లేచే గాలి ఆ పైగాలిని కిందికి లాక్కొస్తుంది. ఉదయం ఏడింటికి అద్దంలా ఉన్న ఆకాశం మధ్యాహ్నం ఒంటిగంటకు రోలు రోకలి ఆట మొదలుపెడుతుంది, దుమ్ము లేచి ముందు ఊరు కనిపించదు. అందుకని ఎగరడం ఉదయం పదకొండు లోపే ముగించాలి. ఇది సలహా అనుకోకండి, షరతు అనుకోండి.

మా మొదటి యాత్రలో నేను ఏడింటికి బయలుదేరాలనుకుని సామాను సర్దుడు వల్ల తొమ్మిదిన్నరకు లేచాను. ఎదురుగాలి అనుకున్నదానికన్నా 15 నాట్లు (గంటకు 28 కిలోమీటర్లు) ఎక్కువ. న్యూ మెక్సికోలోని టుకుమ్‌కారి చేరేసరికి ఒంటిగంటన్నర అయింది. పదిహేను నిమిషాల నుంచి చిన్నబాబు వాంతి సంచి పట్టుకుని ఉన్నాడు. రన్‌వేకు అడ్డంగా వీస్తున్న గాలి ఒక్కో విసురుకు విమానాన్ని పక్కకు నెడుతోంది. రెండోసారికి దిగాను. దిగాక కాళ్లు వణికాయని మావారికి ఇంతవరకూ చెప్పలేదు, ఇక్కడ చదువుతారేమో. మర్నాడూ అదే గాలి, మూడో రోజూ అదే. విమానాన్ని తాళ్లతో కట్టి రూట్ 66 పక్కన హోటల్లో కూర్చున్నాం. ఊళ్లో కాలేజీవారి డైనోసార్ మ్యూజియం ఉంది, ఎముకలను కంచులో పోతపోసి నిలబెట్టారు, పిల్లలు తడిమి చూడవచ్చు. రెండు రోజులూ అక్కడికే వెళ్లాం. నాలుగో రోజు పొద్దున గాలి ఆగింది. ముందుకు వెళితే సోమవారం ఆఫీసుకు తిరిగి రాలేం. తూర్పుకు తిప్పాను.

కాబట్టి మీరు అడగని ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి: శనివారం నుంచి బుధవారం దాకా చాలదు. అయిదు రోజుల్లో రెండు రోజులు వెళ్లడానికి, రెండు రావడానికి పోతే పార్కుకు ఒక్క రోజు, గాలికి సున్నా మిగులుతుంది. చేతిలో అదనపు రోజులు లేని పైలట్ గాలి చూసి నిర్ణయం తీసుకోడు, క్యాలెండరు చూసి తీసుకుంటాడు. శనివారం నుంచి తర్వాతి ఆదివారం దాకా తొమ్మిది రోజులూ పెట్టుకోగలిగితేనే ఈ దారి పట్టండి. సోమవారం మీటింగును ముందే మంగళవారానికి మార్చించుకోండి. వెనక్కి రావడానికి ఎయిర్‌లైన్ టికెట్టు ఎంత అవుతుందో కూడా ముందే చూసి పెట్టుకోండి. విమానం అక్కడే కట్టేసి ఇంటికి వచ్చేయగలను అన్న ధీమా ఉంటే వాతావరణ సూచన చదివే కళ్లు వేరుగా ఉంటాయి.

దారి సంగతి. డెంటన్ నుంచి కాన్యన్ విమానాశ్రయానికి ఇటూ అటుగా 780 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు). 182 వేగం 135 నాట్లు అనుకుని ఎదురుగాలికి 20 తీసేస్తే దాదాపు ఏడు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే అయిదు. మొదటి ఆగుడు టెక్సాస్‌లోనే చిల్డ్రెస్ అనే ఊరు, గంటన్నర దూరం. మీ ట్యాంకు ఇంకో మూడు గంటలకు సరిపోతుంది గాని పాప ట్యాంకు సరిపోదు, ఆగండి. అక్కడి నుంచి టుకుమ్‌కారి మరో గంటన్నర. అక్కడి నుంచి ఆల్బుకర్కీ చేరే ముందు సాండియా కొండలు అడ్డం వస్తాయి, శిఖరం 10,678 అడుగులు. రోడ్డు వెళ్లే టిహెరాస్ కనుమ మీదుగా దాటాలి. ఆ కనుమలో గాలి గరాటాలో పోసినట్టు ఉరుకుతుంది. కొండల ఎత్తులో గాలి 25 నాట్లకు మించి ఉంటే ఆ రోజు టుకుమ్‌కారిలోనే డైనోసార్లు చూడండి.

శనివారం ఆల్బుకర్కీతో ఆపేయండి. ఊరికి పడమట డబుల్ ఈగిల్ 2 అనే చిన్న విమానాశ్రయం ఉంది, ఎత్తు 5,837 అడుగులు. అక్కడ ఆగమనడానికి నిద్ర ఒక్కటే కారణం కాదు. ముందుగా మాట్లాడి పెట్టుకుని, ఆదివారం ఉదయం స్థానిక ఇన్‌స్ట్రక్టర్‌తో మూడు గంటలు ఎగరండి. టెక్సాస్ బల్లపరుపు నేల మీద 140 గంటలు నడిపినవారికి కొండ వెనక కిందికి దొర్లే గాలి ఎలా ఉంటుందో పుస్తకం చదివితే తెలియదు. చెయ్యి పట్టుకుని ఒకసారి చూపించాలి. నిమిషానికి వెయ్యి అడుగులు కిందికి లాగే గాలిలో, నిమిషానికి నాలుగు వందలు మాత్రమే ఎక్కగల విమానం ఏం చేస్తుందో లెక్క మీరే వేసుకోండి. పాపను కూడా తీసుకెళ్లవద్దు. ఆ మూడు గంటలు ఎవరు చూసుకుంటారంటే, స్నేహితుల ఇల్లో, బంధువుల ఇల్లో వెతకండి. మనవాళ్లు లేని ఊరు అమెరికాలో ఎక్కడుంది?

సోమవారం తెల్లవారగానే ఐ-40 రోడ్డును ఎడమ కిటికీలో పెట్టుకుని పడమరకు. రోడ్డు వెంట వెళ్లడం పిరికితనం కాదు, ఇంజిన్ ఆగితే దిగడానికి చోటు, దిగాక నీళ్లు తెచ్చే మనుషులు అక్కడే ఉంటారు. ఎడారిలో మైళ్ల కొద్దీ ఒక్క ఇల్లూ కనిపించని చోట్లు ఉన్నాయి. ఒక్కొక్కరికి నాలుగు లీటర్ల నీళ్లు, దుప్పట్లు, ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న బీకను వెంట ఉంచుకోండి. రేడియోలో ఫ్లైట్ ఫాలోయింగ్ (కంట్రోలర్లు రాడార్‌లో మిమ్మల్ని గమనిస్తూ ఉండడం) అడిగి ఎవరో ఒకరితో మాటలో ఉండండి. విన్‌స్లోలో పెట్రోలు పోయించుకోండి. ఆ ఊరికి కాస్త పడమటగా ఉల్క పడ్డ గొయ్యి ఉంది. 50,000 ఏళ్ల నాటిది, వెడల్పు దాదాపు 3,900 అడుగులు. పై నుంచి చూస్తే నేల మీద ఎవరో బొటనవేలు నొక్కినట్టు ఉంటుంది. కిందికి దిగి చూడడానికి టికెట్టు ఉంది, పై నుంచి చూడడం ఉచితం. తర్వాత 12,633 అడుగుల హంఫ్రీస్ శిఖరాన్ని ఎడమన దూరంగా ఉంచి వాయవ్యానికి తిరిగితే విన్‌స్లో నుంచి 90 నాటికల్ మైళ్లలో కాన్యన్ విమానాశ్రయం.

ఈ విమానాశ్రయాన్ని చూసి రెండు రకాలుగా మోసపోతారు. రన్‌వే పొడవు 8,999 అడుగులు, కంట్రోల్ టవర్ ఉంది, పెద్ద ఊరి విమానాశ్రయంలా నమ్మకం కలిగిస్తుంది. కానీ అది 6,609 అడుగుల ఎత్తున ఉంది. ఎండ కాసిన మార్చి మధ్యాహ్నం 15 డిగ్రీలు ఉందనుకుందాం. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 2 డిగ్రీలు. ఒక్కో అదనపు డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు, దాదాపు 8,200. టర్బో లేని ఇంజిన్ వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది. మీ ఇంజిన్‌లోని 230 గుర్రాల్లో (హార్స్‌పవర్) యాభైకి పైగా ఆ రోజు మేతకు పోయాయన్నమాట.

దిగేటప్పుడు వేగసూచీ మీద అలవాటైన 65 నాట్లే పెట్టుకోండి. నేల మీద అసలు వేగం 73, 74 ఉంటుంది. కంటికి వేగంగా దూసుకెళుతున్నట్టు అనిపించి ముక్కు ఎత్తి వేగం తగ్గించాలనిపిస్తుంది. ఆ పని చేయవద్దు, సూచీని నమ్మండి. బయలుదేరేటప్పుడు ఇంకో సంగతి. మనం టెక్సాస్‌లో మిక్చర్ నాబ్‌ను (గాలిలో పెట్రోలు పాలును మార్చే మీట) పూర్తిగా లోపలికి నెట్టి టేకాఫ్ చేస్తాం, చెయ్యి దానంతట అదే నెడుతుంది. అక్కడ అలా నెడితే పలచటి గాలికి పెట్రోలు ఎక్కువై, ఉన్న శక్తి కూడా పోతుంది. మీ విమానం పుస్తకం చెప్పినట్టు మిక్చర్ పలచన చేసుకున్నాకే బ్రేకులు వదలండి. నా విద్యార్థి ఒకరు ఇది మరిచిపోయి, ఇంజిన్ దగ్గుతోందని, బాగుచేయించాలని మెకానిక్కును పిలిచారు. ఆయన వచ్చి నాబ్‌ను అంగుళం వెనక్కి లాగి వెళ్లిపోయారు.

చలి గురించి. దక్షిణపు అంచు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. మార్చిలో రాత్రుళ్లు నీళ్లు గడ్డకడతాయి, మంచు కురిసినా ఆశ్చర్యం లేదు. పొద్దున రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తే అది పూర్తిగా పోయేదాకా ఎగరకూడదు. విమానాన్ని ఎండకు తిప్పి కాసేపు ఆగండి, గీకవద్దు. చలి అంటే హీటరు, హీటరు అంటే నాకు భయం. సెస్నాలో వెచ్చటి గాలి ఇంజిన్ పొగగొట్టం చుట్టూ ఉన్న రేకు తొడుగులోంచి వస్తుంది. ఆ గొట్టానికి పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది, వాసన ఉండదు. పెద్దవాళ్లకు తలనొప్పి మొదలవుతుంది. పిల్లలయితే నిద్రపోతారు, నిద్రపోతున్నారు కదా అని మనం సంతోషిస్తాం. రంగు మారే చవక అట్టముక్క కాదు, మోగే డిటెక్టరు కొనండి. ఈ మొత్తం జవాబులో ఒక్క వస్తువే కొంటానంటే అదే కొనండి.

పాప చెవుల కోసం కిందికి దిగడం నిమిషానికి 500 అడుగులు మించకుండా మొదలుపెట్టండి, ముందు నుంచే బిళ్ల చప్పరించమనండి. పిల్లల సైజు హెడ్‌సెట్ లేకపోతే ఆ రెండు రోజులు మీకు నరకం. వాంతులకు అల్లం మురబ్బా పనిచేస్తుందని మా అత్తగారు, కిటికీ లోంచి దూరంగా చూడమనాలని నేను. రెండూ చేయండి.

ఇక కాన్యన్ మీద చుట్టు. మీ ఇష్టం వచ్చినట్టు తిరగడానికి వీల్లేదు. 1956 జూన్ 30న టీడబ్ల్యూఏ, యునైటెడ్ విమానాలు రెండు ఈ కాన్యన్ మీదే ఢీకొని 128 మంది చనిపోయారు. అమెరికాలో నేటి విమానయాన నియంత్రణ సంస్థ 1958లో పుట్టడానికి ఆ ప్రమాదం ఒక ముఖ్య కారణం. 1986లో యాత్రికులను తిప్పే విమానం, హెలికాప్టరు మళ్లీ ఇక్కడే ఢీకొని 25 మంది పోయాక, మర్నాటి ఏడాది పార్కుల మీద విమానాల గురించి చట్టమే వచ్చింది. ఇప్పుడు కాన్యన్ పైన ప్రత్యేక నిబంధనల ప్రాంతం ఉంది. చాలా భాగం ఎగరకూడని మండలాలు, వాటి మధ్య మనలాంటివాళ్లు దాటడానికి నాలుగు నడవలు: డ్రాగన్, జూని పాయింట్, ఫాసిల్ కాన్యన్, టకప్. ఉత్తరానికి వెళ్లేవారు 11,500 లేదా 13,500, దక్షిణానికి వచ్చేవారు 10,500 లేదా 12,500 అడుగుల్లో మాత్రమే ఉండాలి. దీనికి వేరే మ్యాపు ఉంది, అది లేకుండా ఆ పక్కకే పోవద్దు. నా మాట అడిగితే మొదటిసారి అసలు దాటవద్దు. ఆ ఎత్తు నుంచి కాన్యన్ అందంగానే ఉంటుంది, కానీ మీరు చూడరు. మీ కళ్లు ఎత్తు మీద, మ్యాపు మీద, ఎదురొచ్చే విమానాల మీద ఉంటాయి. డబ్బిచ్చి యాత్రికుల విమానం ఎక్కితే కిటికీ పక్కన కూర్చుని చూడవచ్చు, నేను రెండోసారి అదే చేశాను. ఆ పైలట్ మిక్చర్ ఎంత పలచన చేశారో మెడ సాచి చూడకుండా మాత్రం ఉండలేకపోయాను.

అసలు అందం అంచున నిలబడితేనే. అమ్మగారికి ఒక సంగతి చెప్పండి, ఎదురుగా కనిపించే శిఖరాల్లో విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ అని ఉన్నాయి. రామ ష్రైన్, కృష్ణ ష్రైన్ కూడా ఉన్నాయి. 1880ల ప్రాంతంలో ఇక్కడ సర్వే చేసిన క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడికి ఆ కొండలు తూర్పు దేశాల గుళ్లలా కనిపించి ఇలాంటి పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. అడుగున కొలరాడో నది పక్కన ఉన్న నల్లటి రాయి పేరు కూడా విష్ణువుదే, సుమారు 170 కోట్ల ఏళ్ల నాటిది. మా అత్తగారు విష్ణు టెంపుల్ వైపు చూసి చెప్పులు విడిచారు. మంచు పడి ఉందండీ అన్నా వినలేదు.

ప్రవేశ రుసుము కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, కార్డు తీసుకెళ్లండి. 2026 నుంచి అమెరికా నివాసులు కాని పెద్దవారికి కాన్యన్ వంటి 11 పార్కుల్లో తలకు మరో 100 డాలర్లు పెట్టారు, అమ్మగారికి ఇది వర్తిస్తుంది. గడియారం గురించి కూడా: అరిజోనా వేసవి సమయం పాటించదు. మార్చి రెండో ఆదివారం దాటాక డాలస్‌కు, అక్కడికి రెండు గంటల తేడా. మధ్యలో నవాజో ప్రాంతం మాత్రం పాటిస్తుంది. ఫీనిక్స్ నుంచి వచ్చేవాళ్లతో 'పదింటికి కలుద్దాం' అనుకునే ముందు ఎవరి పదో తేల్చుకోండి.

ఖర్చు విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. రానుపోను పన్నెండు గంటలు, శిక్షణ మూడు గంటలు, మా క్లబ్బులో గంటకు 200 డాలర్ల పైమాటే, మీ దగ్గరా అంతే ఉంటుంది. విమానం మీ దగ్గరున్న ప్రతి రోజుకూ కనీసం ఇన్ని గంటలని లెక్కకట్టే క్లబ్బులు ఉన్నాయి, తొమ్మిది రోజులంటే ముందే అడగండి. అయిదుగురూ ఎయిర్‌లైన్‌లో వెళ్లినా ఇందులో సగం కాదు.

శుక్రవారం రాత్రి సూచన చూసి న్యూ మెక్సికో అంతా గాలి హెచ్చరికలతో ఎర్రగా ఉంటే ఏం చేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. నేనయితే తూర్పు చూస్తాను. ఆర్కాన్సాలో హాట్ స్ప్రింగ్స్ కూడా నేషనల్ పార్కే, మీకు 230 నాటికల్ మైళ్ల లోపే. విమానాశ్రయం ఎత్తు 540 అడుగులు, మీ ఊరి ఇంజిన్ అక్కడా అలాగే పనిచేస్తుంది. దిగిన కాసేపటికి ఊళ్లో ఉంటారు. 1832లోనే ప్రభుత్వం కాపాడాలని పక్కన పెట్టిన వేడినీటి ఊటలు, నీళ్లు 62 డిగ్రీల వేడితో నేలలోంచి వస్తాయి. వసంతంలో అక్కడ ఉరుములు మెరుపులు ఉంటాయి, వాటిని చూసుకుని వెళ్లాలి. అలా వెళ్లేటట్టయితే మీరు, పిల్లలిద్దరూ 182లో ఎక్కండి, అమ్మగారిని తీసుకుని మీ ఆవిడ కారులో అయిదు గంటల్లో వచ్చేస్తారు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కాన్యన్ అంచు కన్నా ఆ వేడినీళ్లే నచ్చవచ్చు.

ఏ దిక్కుకు వెళ్లినా, సెలవులకు రెండు వారాల ముందు మీ ఇన్‌స్ట్రక్టర్‌ను, నీళ్ల క్యాన్లు, బియ్యం బస్తాలు వేసుకుని పూర్తి బరువుతో ఆ 182ను ఒకసారి లేపండి. ఇన్నాళ్లూ మీరు నడిపింది సగం ఖాళీ విమానం. ముక్కు ఎంత మెల్లగా లేస్తుందో, దిగాక ఎంత దూరం దొర్లుతుందో స్టాప్‌వాచీతో రాసుకుని వచ్చి ఇక్కడ పెట్టండి, ఆ అంకెలతో మళ్లీ కూర్చుందాం.